ఏసీలో గ్యాసు 'అయిపోదు'!
చల్లదనం తగ్గితే డబ్బు పొయ్యకముందే చూసుకోవలసినవి

ఎండలు ముదిరాయంటే పల్నాడు పల్లెల్లో మధ్యాహ్నం పూట వీధిలో మనిషి కనిపించడు. రెంటచింతల పేరు పేపర్లలో పడుతూ వుంటుంది. పాదరసం 44, 45 డిగ్రీలకు ఎక్కి కూర్చుంటుంది. 2022లో గుంటూరు జిల్లా మూడు జిల్లాలుగా విడిపోయింది గాని ఎండ మాత్రం విడిపోలేదు. మాచర్ల వైపు వడగాడ్పు, బాపట్ల, రేపల్లెల వైపు ఉక్కపోత. రెండూ మనిషిని నిలవనీయవు.

ఒకప్పుడు సినిమా హాలులోనో, పట్నంలో పెద్ద డాక్టరుగారి గదిలోనో తప్ప కనిపించని ఏసీ ఇప్పుడు పల్లెల్లోకీ వచ్చింది. మిరప మంచి ధర పలికిన ఏడాది కొన్నవారున్నారు. వాయిదాల మీద కొన్నవారున్నారు. చాలా ఇళ్ళలో అది దర్జా కోసం కొన్నది కాదు. మంచాన పడిన పెద్దవారి కోసమో, బాలింత కోసమో, పసిబిడ్డ కోసమో అమర్చుకున్నది.

సరిగ్గా అవసరమైనప్పుడే అది మొరాయిస్తుంది. గాలి వస్తూనే వుంటుంది, చల్లదనం మాత్రం రాదు. కబురు పెడితే వచ్చిన మనిషి పైపైన చూసి "గ్యాసు అయిపోయిందండీ, ఎక్కించాలి" అంటాడు. వేలల్లో డబ్బు పుచ్చుకుని ఎక్కించి వెళతాడు. ఆ వేసవి ఎలాగో గడుస్తుంది. మళ్ళీ ఎండాకాలం రాగానే అదే మాట, అదే ఖర్చు. ఏటేటా ఇలా గ్యాసు పోయించుకునే ఇళ్ళున్నాయి. బండికి పెట్రోలు పోయించినట్లు ఇదీ ఒక మామూలు ఖర్చేనని వారు సర్దుకుపోతున్నారు. అసలు సంగతి అది కాదు.

వంట గ్యాసు వేరు, ఇది వేరు

వంట గ్యాసు పొయ్యిలో మండి ఖర్చవుతుంది. బండ ఖాళీ అయితే మరో బండ తెచ్చుకోక తప్పదు. ఏసీలోని గ్యాసు మండదు, అరగదు, ఖర్చు కాదు. అది మూసివున్న రాగి గొట్టాలలో ఒంట్లో రక్తం తిరిగినట్లు తిరుగుతూ వుంటుంది. రక్తం తగ్గిందంటే ఎక్కడో గాయమైనట్లే. ఏసీలో గ్యాసు తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్లే, లేదా బిగింపు వదులైనట్లే. ఆ చిల్లు పూడ్చకుండా గ్యాసు పోయడమంటే పగిలిన కుండలో నీళ్ళు పోయడమే.

సూది వేసే ముందు చేతిమీద స్పిరిట్ రుద్దితే చల్లగా తగులుతుంది. ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ వున్న వేడిని పీల్చుకుంటుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఈ కారణం చేతనే. ఏసీలో జరిగేదీ ఇదే. గదిలోని పెట్టెలో గ్యాసు ద్రవరూపం నుంచి ఆవిరిగా మారుతూ గదిలో వేడిని లాక్కుంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి వేడెక్కిస్తుంది. బయటి ఫ్యాను ఆ వేడిని ఆరుబయట వదిలేస్తుంది. ఆవిరి మళ్ళీ ద్రవమై లోపలికి వస్తుంది. అంటే ఏసీ చలిని తయారు చెయ్యదు. గదిలోని వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది.

1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు కోసం విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు ఆధునిక ఏసీకి మొదటి నమూనా తయారు చేశాడు. గాలిలో తేమ వల్ల కాగితం సాగి రంగుల ముద్రణ చెడిపోతుంటే దానికి విరుగుడుగా పుట్టిన యంత్రమిది. అప్పటికీ ఇప్పటికీ సూత్రం మారలేదు.

ఈ మోత సక్రమంగా జరగాలంటే మూడు కావాలి. రెండు పెట్టెల గుండా గాలి ధారాళంగా ఆడాలి. కరెంటు తగినంత ఒత్తిడితో రావాలి. గొట్టాలలో గ్యాసు సరైన తూకంలో వుండాలి. చల్లదనం తగ్గితే ఈ మూడింటినీ ఇదే వరసలో చూసుకోవాలి. మొదటి దానికి పైసా ఖర్చు లేదు. రెండోది కళ్ళతో చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. మూడోదానికే మెకానిక్ కావాలి.

రిమోటుతో మొదలుపెట్టండి

నవ్వు వచ్చినా సరే, ముందు రిమోటు చూడండి. పిల్లలు నొక్కడం వల్ల యంత్రం 'కూల్' నుంచి 'ఫ్యాన్'కో, 'డ్రై'కో మారివుంటుంది. 'ఫ్యాన్'లో వుంటే గాలి వస్తుందే గాని కంప్రెసరు తిరగదు. మంచు రేకు బొమ్మ కనిపిస్తే అది 'కూల్'. గది వేడికన్నా తక్కువ డిగ్రీలకు పెట్టారో లేదో కూడా చూసుకోవాలి.

రిమోటు అసలు పనిచేస్తోందా అన్న అనుమానం వస్తే సెల్‌ఫోనులో మన ముఖం తీసుకునే కెమెరా తెరచి, రిమోటు ముందుభాగాన్ని దానికి చూపి మీట నొక్కండి. కంటికి కనపడని వెలుతురు చాలా ఫోన్లలో చిన్న దీపంలా కనిపిస్తుంది. కనపడకపోతే బ్యాటరీలు మార్చి చూడాలి. ముప్పై రూపాయల బ్యాటరీలతో పోయేదానికి మెకానిక్ దాకా వెళ్ళనక్కరలేదు.

జల్లెడ మూసుకుపోతే

లోపలి పెట్టె మూత పైకెత్తితే సన్నని వలలాంటి జల్లెడలు రెండు కనిపిస్తాయి. గదిలోని దుమ్మంతా వాటికే పడుతుంది. పల్లెటూరి ఇంట్లో దుమ్ముకు కొదవ లేదు. పత్తి నూగు, కల్లంలో మిరపకాయల దుమ్ము, వరి నూర్పిళ్ళ పొట్టు, వీధిలో ట్రాక్టరు లేపే ధూళి అన్నీ అక్కడికే చేరతాయి. జల్లెడ మూసుకుపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే చల్లదనం గొట్టాల దగ్గరే ఆగిపోతుంది తప్ప గదిలోకి రాదు. ఒక్కోసారి గొట్టాలమీద మంచు కూడా గడుతుంది.

మెయిన్ స్విచ్ ఆపి, జల్లెడలు బయటికి తీసి, దుమ్ము పట్టిన వైపుకు వెనకనుంచి మంచినీళ్ళు ధారగా పోసి కడగాలి. మరీ జిడ్డుగా వుంటే కాస్త సబ్బునీళ్ళు చాలు. మరిగే నీళ్ళు పొయ్యకూడదు, ఎండలో పెట్టకూడదు, వంకర తిరిగిపోతాయి. నీడన పూర్తిగా ఆరాకే బిగించాలి. వేసవిలో రెండు వారాలకొకసారి, మిరప కల్లాల రోజుల్లో వారానికొకసారి ఈ పని చెయ్యడం మంచిది. ఇల్లు అలికినంత సేపు కూడా పట్టదు. 'గ్యాసు అయిపోయింది' అనిపించుకున్న ఏసీలు కొన్ని ఈ ఒక్క కడుగుడుతోనే దారికి వస్తాయి.

బయటి పెట్టెకు ఊపిరాడాలి

లోపలి పెట్టెను రోజూ చూస్తాం. డాబా మీదో, గోడవారనో వుండే బయటి పెట్టెను ఎవరూ పట్టించుకోరు. వేడిని పారబోసేది అదే. దాని వెనక సన్నని రేకుల వరసలు వుంటాయి. వాటిలో దుమ్ము, ఎండుటాకులు, కోడి ఈకలు ఇరుక్కుంటే వేడి బయటికి పోదు. పెట్టె చుట్టూ గడ్డిమోపులు పేర్చడం, చాటుగా వుందని దానిమీద గోనెపట్టాలు కప్పడం, వడియాలు ఆరబెట్టడం మంచిది కాదు. వెనక జానెడైనా ఖాళీ వుండాలి, ముందు గాలి వదిలే వైపు నాలుగైదు అడుగుల దాకా ఏ అడ్డూ వుండకూడదు.

పైన ఎండ పడకుండా చిన్న రేకు చూరు వేస్తే మంచిదే. అయితే అది పెట్టెకు ఆనుకుని వుండకూడదు, గాలికి అడ్డం రాకూడదు.

కడగాలంటే మెయిన్ ఆపేసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, గొట్టంతో నీళ్ళు మెల్లగా పై నుంచి కిందికి వదలాలి. మోటారు పంపుతో పొలానికి కొట్టినట్లు కొడితే రేకులు ముడుచుకుపోయి మొదటికే మోసం వస్తుంది. వైర్లు వుండే పక్కకు నీళ్ళు పోనీయకూడదు. ఉప్పు బోరు నీళ్ళతో తరచూ తడిపితే రేకులమీద తెల్లని చారలు గట్టిపడతాయి, కనుక మంచినీళ్ళే వాడాలి. నిజాంపట్నం, సూర్యలంక వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలి రేకులనూ గొట్టాలనూ తినేస్తుంది. అక్కడివారు బయటి పెట్టెను గాలివాటుకు ఎదురుగా కాక చాటు గోడకు పెట్టించుకోవడం, నెలకొకసారి మంచినీళ్ళతో కడగడం అలవాటు చేసుకోవాలి.

దొంగ కరెంటు కాదు, బలం లేని కరెంటు

పల్లెల్లో ఏసీకి వచ్చే జబ్బులలో పెద్దది ఓల్టేజి. ఇంటికి రావలసినది 230 ఓల్టులు. వేసవి సాయంత్రం ఊరంతా ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు ఒక్కసారి వేసేసరికి ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర వుండే ఇళ్ళకు అది బాగా పడిపోతుంది. లోపలి ఫ్యానుకు కొద్దిపాటి కరెంటు చాలు, అది తిరుగుతూనే వుంటుంది. కంప్రెసరు లేవడానికి బలం చాలదు. 'ఊఁ' మని మూలుగుతుంది, 'టక్' మని ఆగుతుంది. కొంతసేపటికి మళ్ళీ అదే తంతు. గదిలో వున్నవారికి గాలి వస్తోంది, చల్లదనం లేదు అనిపిస్తుంది. ఈ జబ్బుకు గ్యాసు మందు కాదు.

పోల్చుకోవడం తేలిక. తెల్లవారుజామున బాగా చల్లబరచి, రాత్రి ఎనిమిది మొదలు పదకొండు వరకు మొరాయిస్తే అనుమానం కరెంటు మీదే పెట్టుకోవాలి. ఆ వేళ సీలింగ్ ఫ్యాను మందగిస్తుంది. స్టెబిలైజరు వుంటే దాని అద్దంలో అంకె కనిపిస్తుంది. ఆ అంకెలను మూడు రోజులపాటు వేళలతో సహా ఒక కాగితంమీద రాసుకుంటే లైన్‌మన్‌కు చూపించడానికి పనికివస్తుంది. ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ ఇదే వరస వుంటే లోపం లైనుది. విద్యుత్ సంస్థ ఫిర్యాదు నెంబరు 1912కు ఫోను చేసి, చెప్పిన ఫిర్యాదు నెంబరు రాసుకోవాలి. ఏసీ పెట్టుకున్నాక ఇంటి అనుమతి లోడు పెంచమని దరఖాస్తు చేసుకోవడం కూడా అవసరం. ఊరిలో లోడు ఎంత పెరిగిందో కాగితం మీద కనిపిస్తేనే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కోసం గట్టిగా అడగడానికి వీలుంటుంది.

పక్కింట్లో బాగానే వుండి మన ఇంట్లోనే పడిపోతుంటే లోపం మన వైరింగులో వుంటుంది. లైట్ల కోసం ఎప్పుడో వేసిన సన్న తీగ నుంచి ఏసీకి కలిపితే దారిలోనే బలం తగ్గిపోతుంది. టన్నున్నర ఏసీకి మీటరు దగ్గరనుంచి విడిగా, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్లది లాగించాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు, విడి ఎం.సి.బి. వుండాలి. గంట నడిచాక ప్లగ్గు తాకలేనంత వేడెక్కుతుంటే, కాలిన వాసన వస్తుంటే వెంటనే ఆపెయ్యాలి. అతుకు వదులైందనడానికి అది గుర్తు. ఇళ్ళు అంటుకునేది ఇక్కడే.

ఇన్వర్టరు ఏసీలు కొన్ని తక్కువ ఓల్టేజికీ ఓర్చుకుంటాయి. ఎంతవరకు ఓర్చుకుంటుందో కంపెనీ పుస్తకంలో వుంటుంది. మన ఇంటి కరెంటు ఆ హద్దు దాటి కిందికో పైకో పోతుంటే స్టెబిలైజరు తప్పదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఏసీ వెయ్యకుండా మూడు నాలుగు నిమిషాలు ఆగడం కూడా మంచి అలవాటు. గొట్టాలలో ఒత్తిడి సర్దుకోనిదే కంప్రెసరు లేవలేదు.

మూలిగే కంప్రెసరు, చీమల పుట్ట

ఓల్టేజి బాగానే వున్నా కంప్రెసరు మూలిగి ఆగిపోతుంటే, లేదా బయటి ఫ్యాను తిరగకుండా వుంటే ఎక్కువసార్లు తప్పు కెపాసిటరుది. డబ్బాలా వుండే ఈ చిన్న వస్తువు మోటారుకు మొదటి తోపు ఇస్తుంది. ఎండకూ, హెచ్చుతగ్గుల కరెంటుకూ ఉబ్బిపోయి చెడుతుంది. వ్యవసాయ మోటార్లు వాడే రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఏసీలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో పోయే మరమ్మతులలో ఇదొకటి. చెడిపోయినదాని మీద రాసివున్న మైక్రోఫారడ్ అంకెకు సరిపోయేదే వెయ్యాలి. దుకాణంలో వున్నదేదో వేస్తే మోటారు కాలుతుంది. పాత కెపాసిటరును మన చేతికి ఇమ్మని అడగడంలో తప్పులేదు.

పల్లెటూళ్ళలో మరో బెడద వుంది. వెచ్చగా, చాటుగా వుండే బయటి పెట్టెలో చీమలు కాపురం పెడతాయి. కరెంటు కలిసే చోట అవి నలిగి పేరుకుంటే కలయిక తెగుతుంది. బల్లి సర్క్యూట్ బోర్డుమీద పడితే బోర్డే మాడుతుంది. ఎలుకలు తీగలు కొరుకుతాయి. గోడలో గొట్టాలు దూర్చిన కంతను సిమెంటుతోనో, పుట్టీతోనో మూసివేయిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇన్వర్టరు ఏసీ ముందుభాగంలో అక్షరమూ అంకే కలిసి మెరుస్తుంటే అది యంత్రం చెప్పే జబ్బు పేరు. ఆపెయ్యకముందే రాసుకుని లేదా ఫొటో తీసుకుని మెకానిక్‌కు ముందుగానే చెబితే, కావలసిన సామాను వెంట తెచ్చుకుంటాడు. పట్నం నుంచి రెండుసార్లు తిరిగే ఖర్చు తగ్గుతుంది.

మంచు గడితే, నీళ్ళు కారితే

లోపలి గొట్టాలమీద మంచు గడితే బాగా చల్లబడుతోందని మురిసిపోకూడదు. అది రోగలక్షణం. జల్లెడ మూసుకుపోయినా, లోపలి ఫ్యాను మందగించినా, గ్యాసు తగ్గినా మంచు గడుతుంది. కూలింగు ఆపి, ఒట్టి ఫ్యాను మీద రెండు మూడు గంటలు నడిపితే మంచు కరుగుతుంది. కత్తితోనో, స్క్రూడ్రైవరుతోనో గీకితే గొట్టానికి చిల్లు పడుతుంది. జల్లెడ కడిగి మళ్ళీ వేశాక మంచు గట్టకపోతే జబ్బు తగ్గినట్లే. మళ్ళీ గడితే మెకానిక్‌ను పిలవాలి.

గోడవెంట నీళ్ళు కారడం గ్యాసుకు సంబంధించినది కాదు. గాలిలోని తేమే నీరై ఒక పళ్ళెంలో పడి, సన్న గొట్టం ద్వారా బయటికి పోవాలి. ఆ గొట్టంలో పాచి పట్టినా, పురుగు గూడు పెట్టినా, మధ్యలో పైకి వంగినా నీళ్ళు వెనక్కు తన్ని గదిలో పడతాయి. గొట్టం చివర శుభ్రం చేసి, మొదటినుంచి చివరిదాకా వాలుగా వుండేట్టు సర్దితే సరిపోతుంది. ఆ చివరను నీళ్ళ బకెట్టులో ముంచి వుంచకూడదు.

ఈ నీటి ధార ఒక ఆనవాలు కూడా. రేపల్లె వంటి తేమ ప్రాంతంలో ఏసీ నడుస్తున్నంతసేపూ గొట్టం నుంచి నీళ్ళు బాగా కారుతుంటే లోపలి గొట్టాలు చల్లబడుతున్నట్లే లెక్క. పల్నాడులో మే నెల పొడిగాడ్పులకు మాత్రం ధార సన్నగా వున్నా కంగారు పడనక్కరలేదు.

ఏసీది కాదు తప్పు

ఒక్కోసారి యంత్రంలో ఏ లోపమూ వుండదు. టన్ను ఏసీ అంటే దాని బరువు టన్ను అని కాదు. సుమారు 900 కిలోల మంచుగడ్డ ఒక పగలూ రాత్రీ కరిగితే ఎంత వేడి లాక్కుంటుందో అంత వేడిని లాగగలదని అర్థం. రేకుల కప్పు కింద గది, పడమటి ఎండ పడే గోడ, పైన ఏ గదీ లేని డాబా అయితే వేడి అంతకు మించి లోపలికి దిగుతుంది. తలుపు సందులు, కిటికీ రెక్కల కంతలు కూడా లెక్కలోకి వస్తాయి.

పరీక్ష ఇలా చెయ్యాలి. తలుపులు మూసి, 18 డిగ్రీలకు పెట్టి, ఫ్యాను జోరు పెంచి పావుగంట నడపాలి. గది వేడి కొలిచే థర్మామీటరును ఏసీ గాలి లోపలికి పీల్చుకునే పైభాగంలో కాసేపు, గాలి బయటికి వచ్చే నోటి దగ్గర కాసేపు పెట్టాలి. రెంటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా వుంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్లే. అప్పుడు డబ్బు పెట్టవలసింది గ్యాసు మీద కాదు. డాబాకు తెల్లసున్నం కొట్టించడం, రేకుల కింద తడికెల కప్పు వేయించడం, కిటికీలకు మందపాటి తెరలు కట్టడం మీద పెట్టాలి.

దేశంలో స్టార్ గుర్తు ఏసీలన్నీ మొదట వేయగానే 24 డిగ్రీల మీద నిలవాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 24 మీద పెట్టి సీలింగ్ ఫ్యాను మెల్లగా వేసుకుంటే బిల్లూ తగ్గుతుంది, యంత్రానికీ విశ్రాంతి దొరుకుతుంది.

గ్యాసు నిజంగా తగ్గితే

ఇవన్నీ సరిగా వుండి, కంప్రెసరు తిరుగుతూ వుండి, గాలి మాత్రం చల్లబడకపోతే అప్పుడు గ్యాసును అనుమానించాలి. బయటి పెట్టె దగ్గర సన్న గొట్టం మొదట్లో మంచు పేరుకుని, లావు గొట్టం చల్లబడకుండా వుండటం ఒక గుర్తు. మరలు బిగించిన చోట నూనె మరక కనపడటం మరో గుర్తు. గ్యాసుతోపాటు లోపలి నూనె కూడా కారుతుంది గనుక మరక వున్నచోటే చిల్లు వుండవచ్చు.

మంచి మెకానిక్ చేసే పనికి ఒక వరస వుంది. ముందు చిల్లు వెతుకుతాడు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్లే సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాడు. కనపడకపోతే నైట్రోజను ఎక్కించి ఒత్తిడి పడిపోతోందేమో కనిపెడతాడు. చిల్లు పూడుస్తాడు. తరువాత వ్యాక్యూమ్ పంపు పెట్టి గొట్టాలలోని గాలినీ తేమనూ లాగేస్తాడు. చివర గ్యాసు బండను త్రాసుమీద పెట్టి, బయటి పెట్టె రేకుమీద ఎన్ని గ్రాములని రాసివుందో అంత తూచి ఎక్కిస్తాడు. గొట్టం మామూలుకన్నా పొడుగైతే దానికి తగినంత కలుపుతాడు. గొట్టం తగిలించి, చేత్తో తాకి, "చాలులెండి" అనేది పని కాదు. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే.

ఏ గ్యాసు అన్నదీ ముఖ్యమే. పాత ఏసీలలో ఆర్-22 వుండేది. అది ఓజోను పొరకు చేటు చేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం మన దేశంలో 2030 నాటికి దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా మాన్పించవలసి వుంది. తరువాత ఆర్-410ఎ, ఆర్-32 వచ్చాయి. కొన్నిటిలో ఆర్-290 వుంటుంది. ఆర్-290 అంటే ప్రొపేను, వంట గ్యాసులోనూ వుండేదే, బాగా అంటుకుంటుంది. ఆర్-32 కూడా కొద్దిగా అంటుకునే గుణం కలదే. ఒకదాని స్థానంలో మరొకటి పొయ్యకూడదు. పెట్టెమీద రాసినదే పొయ్యాలి.

పని మొదలుపెట్టే ముందే ఇంటివారు నాలుగు ప్రశ్నలు అడగాలి: చిల్లు ఎక్కడ? పూడ్చారా? వ్యాక్యూమ్ పెట్టారా? ఎన్ని గ్రాములు తూచి ఎక్కించారు? జవాబులు బిల్లుమీద రాయించుకోవాలి. పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. అడిగేవారున్నారని సంతోషిస్తాడు. నిజాయితీగా శ్రమపడే మెకానిక్‌లు మన ఊళ్ళలో చాలామంది వున్నారు. వ్యాక్యూమ్ పంపు, త్రాసు డాబా మీదికి మోసుకొచ్చి, నడిఎండలో రెండు గంటలు కష్టపడేవారికి అడిగిన కూలి ఇవ్వడం న్యాయం. పావుగంటలో గ్యాసు కొట్టి వెళ్ళేవారికి ఇచ్చేదే దండుగ.

వారంటీ వున్న యంత్రాన్ని బయటి మనిషి చేత విప్పించకూడదు. చాలా కంపెనీలు కంప్రెసరుకు మిగతా భాగాలకన్నా ఎక్కువ ఏళ్ళ వారంటీ ఇస్తాయి. కొన్నప్పటి బిల్లు, కార్డు రేషను కార్డుతో పాటు భద్రపరచుకోవాలి. అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ నెంబరు 1915 వుంది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది.

ప్రాణంతో చెలగాటం వద్దు

పైన చెప్పిన వాటిలో ఇంట్లోవారు చెయ్యదగ్గవి జల్లెడ కడగడం, బయటి పెట్టె దుమ్ము దులపడం, నీటిగొట్టం శుభ్రం చెయ్యడం, చూసి రాసుకోవడం. అంతవరకే. పెట్టె మరలు విప్పకూడదు. మెయిన్ ఆపిన తరువాత కూడా కెపాసిటరులో కరెంటు నిలవ వుండి కొడుతుంది. ఫ్యాను తిరగడం లేదని రెక్కలను పుల్లతో తోసేవారున్నారు. అది ఎప్పుడు తిరగబడుతుందో చెప్పలేం. ఎం.సి.బి. పదేపదే పడిపోతుంటే దాన్ని కట్టెతో ఎగదోసి కట్టడం, పెద్దది మార్చడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. అది పడిపోవడం జబ్బు కాదు, జబ్బును చెప్పే గంట.

పెట్టె తాకితే జివ్వుమంటే ఎర్తింగు లేదన్నమాట. బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్తు గుంటలో వేసవిలో నీళ్ళు పోస్తూ వుండాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే షాకు తగిలిన క్షణంలో కరెంటు తెగిపోతుంది. ఒక్కసారి పెట్టే ఖర్చు అది.

మరమ్మతు చేసేవారికీ ఒక మాట. ఒత్తిడి పరీక్షకు నైట్రోజనే వాడాలి. ఆక్సిజను ఎక్కిస్తే లోపలి నూనెతో కలిసి పేలుతుంది. అంటుకునే గ్యాసు గొట్టాలలో వుండగా అతుకుమంట వెలిగించకూడదు. గదిలో బీడీ, పొయ్యి, అగరువత్తి ఏదీ వుండకూడదు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి వుంచాలి.

ముందుగా రిమోటు, తరువాత జల్లెడ, ఆ తరువాత బయటి పెట్టె, ఓల్టేజి, కెపాసిటరు, చిట్టచివర గ్యాసు. ఈ వరసను ఒక కాగితంమీద రాసి ఏసీ పక్కన గోడకు అంటించుకుంటే చాలు. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే ఒకసారి ఇవన్నీ చూసుకుంటే మెకానిక్ కూడా తీరిగ్గా దొరుకుతాడు. ఇక ఎవరైనా వచ్చి "గ్యాసు అయిపోయింది" అంటే అడగవలసింది ఒక్కటే మాట: "అయిపోవడానికి అదేమన్నా వంట గ్యాసా? ఎక్కడ పోతోందో ముందు చూపించు."